ఆవ, అంబలి, అద్దె: విశాఖలో నాలుగు రోజులు

మొదటి రోజు

హోటల్ పెడతానని మా బావమరిది మొదటిసారి అన్నప్పుడు ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి అన్నప్పుడు మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మూడోసారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మరీ వచ్చి అన్నాడు. ఇక ఆపేదేముంది? నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళు లోన్ ఫైళ్ళు చూసి రిటైరైనవాణ్ణి. "మీరు వెంట వెళ్ళి లెక్కలు చూడండి" అని మా ఆవిడ నన్ను సాగనంపింది. అలా ఫిబ్రవరి రెండో వారంలో ఇద్దరం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

వాడి ప్లాను ఇదీ. హైదరాబాద్‌లో, కొండాపూర్ చుట్టుపక్కల ఎక్కడో, ఉత్తరాంధ్ర వంటలతో హోటల్. గోదావరి వంటలకు హోటళ్ళున్నాయి, రాయలసీమకున్నాయి, తెలంగాణకున్నాయి, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వంటలకు ఎందుకుండకూడదని వాదన. వాళ్ళది పలాస దగ్గర పల్లె. నాది తెనాలి. పెళ్ళయిన కొత్తలో అత్తగారు వడ్డించిన వంకాయ కూర తియ్యగా తగిలితే, పొరపాటున బెల్లం పడిందనుకుని మర్యాదకి మాట్లాడకుండా తినేశాను. ఆవిడ అది మెచ్చుకోలనుకుని మళ్ళీ వడ్డించింది. కాబట్టి ఈ విషయంలో నా నాలుక సాక్ష్యం చెల్లదు. లెక్కలు చూడ్డానికే వచ్చాను.

రైలు దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. రూములో సామాను పడేసి బీచ్ రోడ్డుకి వెళ్ళాం. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే వాకింగ్ వాళ్ళ కోసం వాహనాలు ఆపేస్తారు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి కాస్త ఇవతల ఒక బండి. స్టీలు డ్రమ్ములో అంబలి, పక్కన తరిగిన ఉల్లిపాయలు, మజ్జిగ మిరపకాయలు. బండి మీద "రాగి అంబలి, షుగరుకీ బీపీకీ మంచిది" అని రాసుంది. బండాయన మాత్రం గ్లాసు అందిస్తూ "చోడంబలి, తాగండి" అన్నాడు. ఈ వైపు రాగుల్ని చోళ్ళంటారు. మరి బోర్డు మీద రాగి అని ఎందుకు రాశావని మావాడు అడిగాడు.

"చోడంబలి అని రాత్తే ఎవలూ ఆగరు బావూ. రాగి అని రాసినాకే కార్లు ఆగతన్నాయి."

మావాడు నవ్వాడు గానీ నాకా మాట గుచ్చుకుంది. ఇదే గింజని రాయలసీమవాళ్ళు సంగటి చేసి, పక్కన నాటుకోడి పులుసు పెట్టి, హైదరాబాద్‌లో ఏసీ గదుల్లో అమ్మేస్తున్నారు. సంగటి అనే మాటని ఎవరూ మార్చుకోలేదు. అంబలి మాత్రం సొంత ఊళ్ళోనే పేరు మార్చుకుని బతుకుతోంది.

టిఫిన్ అయ్యాక సిరిపురం, ద్వారకానగర్, ఆశీల్‌మెట్ట మీదుగా మద్దిలపాలెం దాకా తిరిగాం, కొంత ఆటోలో, కొంత నడిచి. తినడానికి కాదు, బోర్డులు చదవడానికి. వాడు ఫోనులో ఫోటోలు, నేను పుస్తకంలో రాత. గోదావరి పేర్లతో, కోనసీమ పేర్లతో నా పుస్తకంలో ఒక పేజీ నిండింది. ఎవరో ఒక "గారు", ఆ గారి వంటిల్లు, ఆ గారి పులావు. తర్వాత రాయలసీమ, తెలంగాణ, పల్నాడు. అరబ్బుల మండీ ఉంది. బీచ్ దగ్గర బెంగాలీ హోటళ్ళున్నాయి, కలకత్తా నుంచి వచ్చే టూరిస్టుల కోసం. తూర్పు నౌకాదళం కేంద్రం, స్టీల్ ప్లాంటు, పోర్టు, అన్ని రాష్ట్రాలవాళ్ళూ ఉన్న ఊరు కదా, కేరళ భోజనం కూడా దొరుకుతుంది. ఉత్తరాంధ్ర పేరు పెట్టుకున్న బోర్డు మాత్రం మధ్యాహ్నం దాకా తిరిగితే ఒక్కటి కనబడింది. దానికీ తాళం వేసి ఉంది.

"చూశావా బావా, పోటీయే లేదు!" అన్నాడు వాడు.

బ్యాంకులో ఇలాంటి మాట చాలామంది దగ్గర విన్నాను. పోటీ లేని చోట రెండే ఉంటాయి: ఎవరికీ తట్టని అవకాశం, లేదా అందరికీ తెలిసిన నష్టం. ఏదన్నది ఫైలు చూస్తే తెలియదు, వెళ్ళి చూడాలి.

ఊరి పేరుతో వంట అమ్మడం నిన్న మొన్నటిది కాదు. ఉడిపి వాళ్ళు అందరికన్నా ముందే దేశమంతా అమ్మేశారు. బెంగుళూరు ఎంటీఆర్ 1924 నాటిది. చెట్టినాడు వంటని మద్రాసులో 1964 నుంచి అంజప్పర్ వాళ్ళు అమ్ముతున్నారు. మనవాళ్ళ కారం బయటి రాష్ట్రంలో బాగా అమ్ముడుపోయింది బెంగుళూరులోనే. రెసిడెన్సీ రోడ్డు నాగార్జున 1984లో తెరిచారు. అప్పుడు "ఆంధ్రా భోజనం" అంటే చాలు, ఏ జిల్లా అని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు అది చాలడం లేదు. జిల్లా కావాలి, వీలైతే ఊరు కావాలి, ఇంకా వీలైతే ఇంటిపేరు కావాలి.

మధ్యాహ్నం భోజనం నా పాత ఖాతాదారు హోటల్లో. రాజోలు వైపు మనిషి. విశాఖలో కోనసీమ వంటల హోటల్ పెట్టి ఆరేళ్ళయింది. అరిటాకు వేసి, ముందు నెయ్యి, కందిపొడి, తర్వాత పనసపొట్టు కూర, ముద్దపప్పు, మజ్జిగ పులుసు. చివర్లో పూతరేకు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది, ఆ కాగితం ఫోటో కౌంటరు వెనక ఫ్రేము కట్టించి పెట్టాడు. భోజనం బాగుంది. నాకు నచ్చింది కాబట్టి మావాడు అనుమానంగా చూశాడు.

తిన్నాక ఆయన మాతో కూర్చున్నాడు. బోర్డు మీద ఊరు పేరు ఎందుకని అడిగాను.

"ఆయ్, సగం మెనూ అదే అమ్మేస్తుందండి. కోనసీమ అని రాశామనుకోండి, కొబ్బరిచెట్లు, కాలవలు, పడవ కనబడిపోతాయండి. మీవాడు శ్రీకాకుళం అని రాస్తే ఏం కనబడుద్దండి? వలస కనబడుద్ది."

మావాడి మొహం మాడిపోయింది. ఆయన గమనించి మజ్జిగ తెప్పించాడు.

తర్వాత లెక్కల్లోకి వచ్చాం, నాకు కావలసింది అదే. సరుకుల ఖర్చు వందకి ముప్పై, ముప్పై అయిదు దాటితే ఈ వ్యాపారంలో ఊపిరాడదు. ఆకు భోజనంలో అది దాటిపోతుంది, ఎందుకంటే కూర మళ్ళీ మళ్ళీ వడ్డించాలి. "ఆకు భోజనం పరువు కోసం, పులావు డబ్బు కోసం" అన్నాడు. చిట్టిముత్యాల బియ్యంతో చేసిన కోడి పులావు హండాలో మూడు గంటలు వేడిగా ఉంటుంది, డబ్బాలో పెట్టి స్కూటరు మీద పంపినా చెడదు. పన్ను సంగతి చాలామందికి తెలియదు. మామూలు రెస్టారెంట్ బిల్లు మీద మనం కట్టేది 5 శాతం జీఎస్టీ. తక్కువే అనిపిస్తుంది. కానీ 2017 నవంబరు నుంచి ఈ 5 శాతం లెక్కలో ఉన్న హోటలువాళ్ళకి, తాము కొన్నవాటి మీద కట్టిన పన్ను తిరిగి జమ కాదు. అద్దె మీద 18 శాతం పన్ను పడితే అది అచ్చంగా ఖర్చే. సిరిపురం లాంటి చోట అద్దెతో పాటు దాని తోకని కూడా మోయాలి. ఇక డెలివరీ యాప్ కమీషన్ గురించి ఆయన వాడిన మాటలు రాయలేను.

"వంటవాళ్ళు?" అన్నాడు మావాడు.

"పులావు మాస్టరు భీమవరం నుంచి. తక్కినవాళ్ళంతా ఒరిస్సా పిల్లలండి. పనసపొట్టులో ఆవ వాళ్ళే కలుపుతారు." ఒక్క క్షణం ఆగి, "కొలతలు గోడ మీద రాసి పెట్టాను" అన్నాడు.

రెండో రోజు

తెల్లవారుజామున అయిదింటికి ఫిషింగ్ హార్బర్. వాసన గేటు కన్నా ముందే ఎదురొస్తుంది. మరబోట్లు వరసగా కట్టేసి ఉన్నాయి, ఐసు ముక్కలు కాళ్ళ కింద కరకరలాడుతున్నాయి, గట్టు మీద కుప్పలు కుప్పలుగా చేపలు. ఒక్కో కుప్ప చుట్టూ ఒక గుంపు, పాట నడుస్తోంది. పాట అంటే వేలం. పాడేవాడి నోట్లోంచి అంకెలు వస్తున్నాయని తెలుస్తోంది గానీ ఏ అంకె అన్నది బయటివాడికి అర్థం కాదు. నేను ముప్పై ఏళ్ళు బంగారం వేలాలు చూశాను, ఇంత వేగం ఎక్కడా చూడలేదు.

మనం వంజరం అనేదాన్ని ఇక్కడ కోనాం అంటారు. పెద్ద కోనాలు, చందువలు, టైగర్ రొయ్యలు ముందే వెళ్ళిపోతాయి, వాటికి కంపెనీల మనుషులుంటారు. కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపల దగ్గర బుట్టలతో ఆడవాళ్ళు. మావాడు వెతుకుతున్నది వీటినే. వాళ్ళ అమ్మ వండేది కోనాం కాదు, నెత్తళ్ళు. సొరచేప దొరికితే ఉడకబెట్టి, ముళ్ళు తీసి, ఉల్లిపాయలతో పొడిపొడిగా వేయించే పిట్టు. బాలింతలకు పెడతారు.

"ఏటి బావూ, కొంతారా, సూసి ఎల్లిపోతారా?" అంది ఒకామె.

అంతదాకా హైదరాబాద్ యాసలో మాట్లాడుతున్నవాడు ఒక్కసారిగా మారిపోయాడు. "ఏటమ్మా అంత రేటు సెప్తన్నావు, మాది పలాసే" అన్నాడు. అయిదేళ్ళుగా వాడి నోట ఆ మాట తీరు వినలేదు నేను. ఆమె కూడా మెత్తబడింది, రేటు మాత్రం తగ్గలేదు. రోజూ ఇరవై కిలోలు హైదరాబాద్‌కి పంపగలవా అని అడిగాడు. ఆమె పంపగలనంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఏం చేస్తారని నేనడిగాను. తూర్పు తీరంలో ఆ 61 రోజులు మరబోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. "అప్పుడు ఎండువే బావూ" అంది. నా పుస్తకంలో ఒక గీత గీసుకున్నాను. మెనూలో సగం సముద్రం మీద ఆధారపడితే, వేసవి సెలవుల గిరాకీ సమయానికి ఆ సగం ఉండదు.

ఎండు నెత్తళ్ళు రెండు కిలోలు కొన్నాడు. శాంపిల్ అట. ఆ రెండు కిలోలు మిగిలిన యాత్రంతా మాతోనే ఉన్నాయి. అది ఎలాంటి సహవాసమో తినేవాళ్ళకి కూడా మూసిన గదిలోనే తెలుస్తుంది.

మధ్యాహ్నం వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గరి సందుల్లో, ఎవరో చెప్పిన మెస్ వెతుక్కుంటూ వెళ్ళాం. బోర్డు లేదు. ఇంటి ముందు గదిలో నాలుగు బల్లలు, లోపల ఇద్దరు ఆడవాళ్ళు. పెద్దావిడకి అరవై దాటి ఉంటాయి. పోర్టు పనివాళ్ళు, షాపుల గుమస్తాలు తినిపోతున్నారు. భోజనం వంద రూపాయలు, చేప ముక్క వేరే.

ఈ యాత్ర మొత్తంలో నేను వివరంగా రాయదలచుకున్న భోజనం ఇదొక్కటే. గోరుచిక్కుడు పాటోళి: నానబెట్టిన శనగపప్పు రుబ్బి, ఉడికిన గోరుచిక్కుళ్ళలో కలిపి, పొడిపొడిగా వచ్చేదాకా వేయించింది. ఇంగువ చారు. చింతపండు పులుపు, బెల్లం తీపి రెండూ తెలిసే చారు, ఇంగువ వాసన గది దాటి వీధిలోకి పోతోంది. అరటికాయ కూర, ఆవ పెట్టింది. అన్నంలో కలపగానే ఆవ ఘాటు ముక్కుకెక్కి, తుమ్మబోయి ఆగిపోయాను. కింద ఎక్కడో కొద్దిగా బెల్లం. తెనాలి మనిషినైనా ఒప్పుకోక తప్పలేదు: ఆ తీపి లేకపోతే ఆ ఘాటు భరించలేం. ముప్పై నాలుగేళ్ళ కాపురం తర్వాత అర్థమైంది. మా ఆవిడకి చెప్పలేదు.

రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే ఒక విషయం గమనించాను. పెద్దావిడ కూర గిన్నె మొత్తానికి ఆవ పెట్టడం లేదు. చిన్న గిన్నెలోకి తీసుకుని, పదిమందికి సరిపడా మాత్రం కలుపుతోంది. అయిపోతే మళ్ళీ రోట్లో నూరుతోంది. ఒకేసారి కలిపేస్తే పని తగ్గుతుంది కదా అన్నాను.

"ఆవ పొయ్యి దించినాకే ఎట్టాల బాబూ. ఎట్టినాక రెండు గంటలు దాటితే సేదొచ్చీద్ది. మరి వేడి మీదుంటే ఇంకా బేగి."

వాడికి తెలుసు ఈ సంగతి, వాళ్ళ ఇంట్లో చూసిందే. కానీ హోటల్ లెక్కలో ఎప్పుడూ చూడలేదు. పదకొండింటికి కౌంటరులో వేడినీళ్ళ ట్రేల మీద కూరలు పెడితే మూడింటిదాకా అలాగే ఉంటాయి. ఆవ పెట్టిన కూర ఒంటిగంటకే చచ్చిపోతుంది. రాజోలాయన ఆకులో నిన్న తిన్న పనసపొట్టులో ఘాటు ఎందుకు లేదో అప్పుడు వెలిగింది. గోడ మీద కొలతలు తప్పు కాదు, గడియారం తప్పు. ఇవాళ పేరుమోసిన ప్రాంతీయ వంటలన్నీ ఒకసారి తలుచుకుని చూడండి: పులావు, వేపుడు, పొడులు, సంగటి, పూతరేకులు. అన్నీ కాసేపు ఆగగలిగినవే. ఆగలేనివి ఇళ్ళలో, ఇలాంటి బోర్డు లేని గదుల్లో మిగిలిపోయాయి. రుచి తక్కువై కాదు.

మావాడు వేరే దారిలో ఆలోచిస్తున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, పెద్దావిడ దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని, హైదరాబాద్ వచ్చి వంటవాళ్ళకి నేర్పమని అడిగాడు. మూడు నెలలు చాలు, ఉండడానికి ఇల్లు, జీతం. ఆవిడ నూరడం ఆపలేదు.

"అక్కడ మన వంట ఎవలు తింతారు?"

"మనోళ్ళు లక్షల మందున్నారమ్మా అక్కడ."

"ఆలు ఇంటికాడ ఒండుకోరేటి?"

దానికి వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఒకటుంది గానీ అప్పుడు చెప్పలేదు, రాత్రి గదిలో చెప్పాను. హైదరాబాద్‌లో ఈ రుచి తెలిసినవాళ్ళలో ఎక్కువమంది మేస్త్రీలు, వాచ్‌మన్లు, అపార్ట్‌మెంట్లలో పనిచేసేవాళ్ళు. వాళ్ళు భోజనానికి వంద రూపాయలు దాటి పెట్టలేరు. కొండాపూర్ అద్దెకి భోజనం నాలుగు వందలు పెట్టాలి. నాలుగు వందలు పెట్టగలిగినవాళ్ళకి ఈ రుచి తెలియదు. తెలియనివాళ్ళకి నేర్పాలి, నేర్పినన్నాళ్ళూ అద్దె కట్టాలి. అదీ ఫైలు.

వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అంతకుముందు సాయంత్రం బీచ్‌లో మూరీ మిక్చర్ తిన్నాం. బొరుగుల్ని ఇక్కడ మూరీలంటారు. ఆ తర్వాత ఒక పెద్ద రెస్టారెంట్ మెనూలో "ఉత్తరాంధ్ర స్పెషల్ నెత్తళ్ళు" అని చూసి సంబరంగా ఆర్డరిచ్చాం. కార్న్‌ఫ్లోర్ పూసి, ఎర్ర రంగు వేసి, పైన కరివేపాకు చల్లి తెచ్చారు. లోపలున్నది నెత్తళ్ళో కాదో ముళ్ళని బట్టి మాత్రమే చెప్పగలం. బిల్లు చూశాక ముళ్ళు కూడా తిన్నాం.

మూడో రోజు

కిరండూల్ ప్యాసింజర్ ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. 2017లో పెట్టిన అద్దాల బోగీలో టికెట్లు దొరకలేదు, మామూలు బోగీలో కిటికీ దగ్గర కూర్చున్నాం. 58 సొరంగాలట, ఇరవై దాకా లెక్కపెట్టి నిద్రపోయాను. సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా కాలేజీ పిల్లలు కేకలు పెడుతున్నారు, మా పైనున్న సంచిలోంచి నెత్తళ్ళు తమ ఉనికి చాటుతున్నాయి.

అరకు గురించి అందరూ రాసేశారు, నేను బొంగులో చికెన్ గురించి మాత్రం రాస్తాను. పచ్చి వెదురు కణుపు ఒకటి, లోపల మసాలా పట్టించిన కోడి ముక్కలు, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు. వెదురులో ఉన్న తడితోనే ఉడుకుతుంది, అందుకే బొంగు పచ్చిగా ఉండాలి. ఒకసారి వాడిన బొంగు మళ్ళీ పనికిరాదు. ఉత్తరాంధ్ర నుంచి ఊరూరా పేరు పోయిన వంట ఏదైనా ఉందంటే ఇదే, నిజానికి అది కొండ మీది గిరిజనులది. హైదరాబాద్‌లో ఇది తిన్నానని మావాడు చెప్పాడు. అక్కడ బొంగు ఎక్కడినుంచి వస్తుందని కాల్చేవాణ్ణి అడిగితే, "ఎండిన బొంగులో కుక్కర్‌లో ఉడికిన కూర పోసి ఇత్తారు సార్, మీకు పొగ కనబడితే చాలు గదా" అన్నాడు. అందరూ అలా చేస్తారని నేననను. వాడి మాటలో పోటీదారుడి కచ్చ కూడా ఉండి ఉంటుంది.

పేరు పెట్టుకుని బయటికి వెళ్ళడం ఎలాగో కాఫీని చూసి నేర్చుకోవాలి. అరకు అరబికాకి 2019లో జీఐ వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 2017లో, అరకు పేరుతో పారిస్‌లో కాఫీ షాపు తెరిచారు. గింజ ఎండబెడితే నెలలు ఉంటుంది, ఓడెక్కుతుంది. మళ్ళీ అదే సంగతి: ఆగగలిగేది వెళ్ళగలిగింది. చలి బాగా ఉంది, మూడు కప్పులు తాగాను, రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగో రోజు

కారు మాట్లాడుకుని పాడేరు మీదుగా కిందికి దిగాం. పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. గిరిజన సహకార సంస్థ దుకాణంలో చింతపండు, పసుపు, రాజ్మా కొన్నాం. 1956 నుంచి ఉన్న సంస్థ, దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే. అడ్డాకుల విస్తళ్ళ గురించి కూడా అడిగాడు మావాడు. అరిటాకు అందరూ వేస్తున్నారు, అడ్డాకు విస్తరి వేస్తే వేరేగా ఉంటుందని. ఈ నాలుగు రోజుల్లో వాడు అన్నవాటిలో నా పుస్తకంలో టిక్కు పడింది దీనికే. తేలిక, ఎండినవి కాబట్టి పాడవవు, లారీలో వస్తాయి.

ఘాట్ దిగితే మాడుగుల. హల్వా దుకాణాలు వరసగా. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, పాలు తీసి, పులియనిచ్చి, పంచదార, నెయ్యి వేసి కలియబెట్టే పని. నెయ్యి వేళ్ళకంటుకుంటుంది. రెండు కిలోలు మా ఆవిడకి, ఒకటి నాకు. డాక్టరుకి చెప్పకూడదు.

అనకాపల్లి చేరేసరికి బెల్లం మార్కెట్‌లో పొద్దుటి వేలం అయిపోయింది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటి. దిమ్మలు ఇంకా వరసల్లో ఉన్నాయి, తెల్లటివి ఒక వైపు, ఎర్రటివి ఒక వైపు, నల్లటివి మూల. తెల్లదానికే రేటెక్కువ. ఆ తెలుపు కోసం కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. రుచి మాత్రం ఎర్రదానిదే. మావాడికి కావలసింది నల్లది, వాళ్ళ అమ్మ వాడేది. నల్లబెల్లం అనగానే వ్యాపారి మమ్మల్ని కిందినుంచి పైకి చూశాడు.

"ఎందుకండీ?"

"హోటల్‌కి. కూరల్లో వెయ్యడానికి."

"కూరల్లోనా?" అన్నాడు నమ్మకం లేకుండా. నల్లబెల్లం అంటే నాటుసారా గుర్తొస్తుంది ఎవరికైనా, ఎక్సైజు వాళ్ళ కన్ను దాని మీద ఎప్పుడూ ఉంటుంది. ఆధార్ కార్డు అడిగాడు. నేను రిటైర్డ్ బ్యాంకు ఆఫీసర్నని చెప్పాను. దానితో అనుమానం ఇంకాస్త పెరిగినట్టనిపించింది. చివరికి అయిదు కిలోలు ఇచ్చాడు, ఎర్రది.

సామాను వెంటే ఉంది కాబట్టి అనకాపల్లిలోనే రైలెక్కాం. ఏసీ బోగీ. నెత్తళ్ళ సంచిని మూడు కవర్లలో చుట్టి సీటు కిందికి తోశాం. తుని దాటేదాకా ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత పై బెర్తాయన ఎలుక చచ్చిందేమో చూడమని అటెండర్ని పిలిచాడు. మావాడు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు.

ఎదుటి సీటులో ఒక పెద్దావిడ, నరసన్నపేట నుంచి మియాపూర్‌లో కొడుకు దగ్గరికి వెళుతోంది. వంగి, గొంతు తగ్గించి, "నెత్తల్లేనా బావూ?" అంది.

అవునన్నాడు. ఆవిడ మొహం విప్పారింది. తన సంచి జిప్పు కొంచెం తీసి చూపించింది. ఎండు నెత్తళ్ళు, చోడిపిండి, సీసాలో ఆవాలు, చిన్న దిమ్మ నల్లబెల్లం. ఏటా రెండుసార్లు మోసుకెళుతుందట. అక్కడ దొరకవా అని నేనడిగాను. "దొరుకుతాయి. మనవికావు" అంది.

హోటల్ సంగతి వాడే చెప్పాడు. భోజనం నాలుగు వందలని విని ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. నవ్వాక, అరటికాయలో ఆవ ఎంత పెడతావని అడిగింది. వాడు చెప్పాడు. తప్పంది. తగువు రాజమండ్రి బ్రిడ్జి దాకా నడిచింది.

ఏలూరు దాటాక లైటు తీసెయ్యమని పై బెర్తాయన విసుక్కున్నాడు. తీసేశాం. వాడు ఫోను వెలుతురులో నా లెక్కల పుస్తకం వెనక పేజీ తెరిచి రాసుకుంటున్నాడు, ఆవిడ చీకట్లో పడుకునే చెబుతోంది. ఆవాలు రెండు చెంచాలు, ఎండుమిర్చి ఒకటి, చిటికెడు పసుపు, బెల్లం ఉసిరికాయంత. "నీళ్ళు?" అన్నాడు. "సెయ్యి తడి చాలు" అంది.